ఆ రేకు ముక్క పీకేయకండి

ముంబై హైవే పక్కన పటాన్‌చెరు లేతు షాపుల్లో విప్పిన పాత కారు ఇంజన్ కనబడితే నేను ముందు చూసేది ఇంజన్ నంబరు కాదు, పిస్టన్ తల మీద కొట్టిన అంకె. ప్రీమియర్ పద్మిని కారు బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) కంపెనీ కొలత 68 మి.మీ.; పిస్టన్ మీద 0.40 అని ఉందంటే అరిగిన ఆ సిలిండర్‌ను 68.4 మి.మీ.కి పెద్దది చేసి రీబోరింగ్ చేశారన్నమాట. క్రాంకును ఎంత అరగదీశారో బేరింగ్ షెల్ వీపు చెబుతుంది. కానీ ఇవి ఇంజన్ విప్పితేనే తెలుస్తాయి. బయటినుంచే చెప్పగలిగేది రీబోరింగ్ చేసినవాళ్లు బ్లాకుకు రివెట్ కొట్టిన రేకు ముక్క: షాపు పేరు, తేదీ, కొలతలు. పాత బండ్లు కొన్నవాళ్లు దాన్నే మచ్చగా భావించి పీకేసి, రంగు పూసి, 'ఒరిజినల్' అంటున్నారు. వింటేజ్ వాహనాలకు 2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు కూడా యాభై ఏళ్లు దాటి, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేని బండినే గుర్తిస్తాయి. మార్పుకూ మరమ్మతుకూ తేడా ఉంది. కొత్త కారు బుక్ చేసి ఏళ్లకేళ్లు ఎదురుచూస్తూ ఉన్న బండినే బాగుచేయించుకున్న దేశంలో రీబోరింగ్ కాని పాత ఇంజన్లు ఎన్ని దొరుకుతాయి? పటాన్‌చెరు ఉన్న జిల్లాలోనే, జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ బండ్ల కంపెనీ పేరు అందరికీ గుర్తుంది. అలాంటి బండ్ల ఇంజన్లకు మళ్లీ ప్రాణం పోసిన బోరింగ్ మేస్త్రీల పేర్లు ఏ రికార్డులోనూ లేవు. కారు చరిత్రలో వాళ్ల చెయ్యి సగం. పాత బండి కొన్నవాళ్లకు నా మనవి: బ్లాకు కడిగించే ముందు ఆ రేకును ఫొటో తీయండి, తుడిచి తిరిగి అక్కడే బిగించండి; ఈసారి చేసిన పనికీ మేస్త్రీతో పేరు, తేదీ, కొలత కొట్టించండి.