బల్లకు అవతల ఐదుగురు

మా అన్నయ్య కొడుకు సివిల్స్ మెయిన్స్ గట్టెక్కిన రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. మార్కాపురంలో వాళ్ళమ్మ అప్పటికే వీధంతా మిఠాయిలు పంచేసింది. వాడి గొంతులో మాత్రం ఆ సంబరం లేదు. కాసేపు ఊరుకుని, "బాబాయ్, ఇంటర్వ్యూకి వెళ్ళకపోతే ఏమవుతుంది?" అన్నాడు.

మూడేళ్ళ పాటు అశోక్‌నగర్‌లో ఇరుకు గదిలో ఉండి, పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీలో సీటు పట్టుకుని చదివిన కుర్రాడు. ప్రిలిమ్స్‌కి జంకలేదు. మెయిన్స్‌లో తొమ్మిది పేపర్లు రాయడానికి జంకలేదు. బల్లకు అవతల కూర్చునే ఐదుగురు మనుషులను తలచుకుని మాత్రం నిద్రపోలేకపోతున్నాడు.

ఆ వారమే హైదరాబాద్ వెళ్ళాను. ఇద్దరం టిఫిన్ సెంటర్‌లో కూర్చున్నాం. వాడి ప్లేటులో ఇడ్లీలున్నాయి, చట్నీ లేదు. వట్టి ఇడ్లీ తుంచుకుని తింటున్నాడు. "అడగొచ్చు కదరా" అన్నాను. "ఎందుకులే బాబాయ్, వాళ్ళు పనిలో ఉన్నారు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి చూపు సర్వర్ మీద లేదు, పక్క బల్లల మీద ఉంది. తను పిలిస్తే ఎవరెవరు తలతిప్పి చూస్తారోనని లెక్క వేసుకుంటున్నాడు. జబ్బు ఎక్కడుందో నాకు అక్కడ అర్థమైంది.

దీన్ని మనం బిడియమంటాం, మొహమాటమంటాం. కానీ బిడియస్థుడు కాసేపటికి కుదుటపడతాడు. వీడి సంగతి వేరు. నలుగురూ నన్నే చూస్తున్నారు, తప్పు దొర్లితే చులకన చేస్తారు అనే భయం మనిషిని పట్టుకుంటుంది. ముందురోజు నుంచే గుండె దడ, ఆ సమయానికి నాలుక పిడచకట్టడం, అయిపోయాక రాత్రంతా ఆ మాటలే నెమరేసుకుని కుమిలిపోవడం. వైద్యులు దీన్ని సోషల్ యాంగ్జయిటీ అంటారు. ఇది చేతగానితనం కాదు, తెలివితక్కువతనం అంతకన్నా కాదు.

వాడికి ఇది ఎక్కడినుంచి వచ్చింది? స్వభావం కొంత కారణం కావచ్చు. మిగతాది మా ఇంటి పెంపకం, వాడి చదువు. చిన్నప్పుడు పెద్దల మధ్య నోరు తెరిస్తే కసిరాం. చుట్టాలొస్తే లోపలి గదిలోకి వెళ్ళి కూర్చునేవాడు. "ఎంత బుద్ధిమంతుడమ్మా, నోట్లో నాలుక లేనివాడు" అని అందరూ మెచ్చుకున్నారు, మేం మురిసిపోయాం. ఇంటర్మీడియట్‌కి హాస్టల్లో వేశాం. అక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా చదువే. మాట్లాడితే మార్కులు పోతాయన్నట్టు ఉండేది. ఇరవై ఏళ్ళు మౌనం నేర్పించి, ఇరవై ఐదో ఏట ఢిల్లీ పంపి అనర్గళంగా మాట్లాడమంటే ఆ బిడ్డ ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఇంతకీ ఆ గదిలో ఏం జరుగుతుంది? యూపీఎస్సీ దాన్ని పర్సనాలిటీ టెస్ట్ అంటుంది. మొత్తం 2025 మార్కుల్లో రాతపరీక్షవి 1750, దీనివి 275. ఇందులో ఇన్ని మార్కులు రావాలనే కనీస గీత లేదు. సుమారు అరగంట సాగుతుంది. బోర్డు సభ్యులకు రాతపరీక్ష మార్కులు తెలియవు. అభ్యర్థి నింపిచ్చిన దరఖాస్తులోని ఊరు, చదువు, చేసిన ఉద్యోగం, ఇష్టాలు వంటివాటి నుంచే చాలా ప్రశ్నలు పుడతాయి. కోర్టులో సాక్షిని నిలదీసినట్టు కాక సహజమైన సంభాషణలా నడపాలని యూపీఎస్సీ నిబంధనల్లోనే రాసి ఉంది. వాళ్ళు చూసేది జ్ఞాపకశక్తిని కాదు. చురుకుదనం, తూకం తప్పని ఆలోచన, నిజాయితీ. ఈ సంగతులన్నీ మావాడికి నాకంటే బాగా తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోదు.

ఎందుకు పోదో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1995లో వివరించారు. భయపడే మనిషి ధ్యాస ఎదుటివాళ్ళ మీద ఉండదు, తన మీదే ఉంటుంది. చెయ్యి వణుకుతోందా, గొంతు తడబడుతోందా అని తనను తానే కాపలా కాస్తుంటాడు. ఇక ప్రశ్న చెవిన పడేదెలా? పైగా వణుకు కనిపించకూడదని చేతులు బిగించుకుంటాడు, చూపు దించుకుంటాడు, బట్టీపట్టిన జవాబు గబగబా అప్పజెప్పేస్తాడు. భయాన్ని దాచడానికి చేసే ఈ పనులే భయాన్ని పోనివ్వవు.

కాబట్టి ముందు వాడి ధ్యాసను వాడి మీదనుంచి తప్పించాలి. ఎలాగో మా వీధిలో ఉండే ఒక రిటైర్డ్ తహసీల్దారు గారు చూపించారు. ఒక ఆదివారం వాణ్ణి వాళ్ళింటికి తీసుకెళ్ళాను. ఆవిడ ఇంటర్వ్యూ ఊసే ఎత్తలేదు. కాఫీ ఇచ్చి, "మీ మార్కాపురంలో నీళ్ళ సంగతేమిటి నాయనా?" అన్నారు. వాడు మొదట కప్పు వంక చూస్తూ రెండు ముక్కలు అన్నాడు. ఆవిడ ఊరుకోలేదు. ఫ్లోరైడ్ ఎక్కడ ఎక్కువ, ట్యాంకర్లు ఎన్నాళ్ళకోసారి వస్తాయి అని అడుగుతూ పోయారు. ఇక వాడు మొదలుపెట్టాడు. ఫ్లోరైడ్ నీళ్ళతో వంగిపోయిన వాళ్ళ నాయనమ్మ మోకాళ్ళ గురించి చెప్పాడు. వెలిగొండ ప్రాజెక్టు గురించి, శ్రీశైలం నీళ్ళను నల్లమల కొండల కింద నుంచి తేవడానికి తవ్విన 18 కిలోమీటర్ల పైచిలుకు జంట సొరంగాల గురించి, దశాబ్దాలుగా ఆ నీళ్ళకోసం ఎదురుచూస్తున్న రైతుల గురించి చెప్పాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. ఆవిడ నెమ్మదిగా, "నీ చేతులు ఇంతసేపూ ఏం చేస్తున్నాయో చూసుకున్నావా?" అన్నారు. వాడు కిందికి చూశాడు. టీపాయ్ మీది పేపరు అంచున ఆవిడ పెన్నుతోనే సొరంగం బొమ్మ గీసి ఉంది. చెయ్యి వణకలేదు. వణుకుతోందేమోనని చూసుకునే తీరిక వాడికి దొరకలేదు.

గాంధీగారి ఆత్మకథ చదివినవాళ్ళకు ఇది కొత్త కాదు. లండన్‌లో శాకాహార సంఘం కార్యవర్గంలో ఉండి కూడా ఆయన నోరు విప్పలేకపోయారు. బారిస్టరై వచ్చాక బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, తల తిరిగిపోయి, ఒక్క ప్రశ్నయినా అడగలేక కూర్చుండిపోయారు. అదే మనిషి 1893లో ప్రిటోరియాలో అక్కడి భారతీయుల సభలో వ్యాపారంలో సత్యం గురించి మాట్లాడారు. అదే తన మొదటి బహిరంగ ప్రసంగమని చెప్పుకున్నారు. ఈలోగా బిడియం మాయమైపోయిందని నేననుకోను. చెప్పి తీరాల్సిన మాట ఒకటి ఆయనకు దొరికింది.

ఆదివారం కబుర్లతో అంతా అయిపోలేదు. మెయిన్స్ ఫలితాలకూ ఇంటర్వ్యూకూ మధ్య మావాడికి దక్కింది మూడు నెలలు. ఒక నోట్‌బుక్ తీసుకుని పేజీ మధ్యలో గీత గీశాడు. ఎడమవైపు "ఏమవుతుందనుకున్నాను", కుడివైపు "ఏమైంది". రోజుకొక చిన్న పని. మొదటిది చట్నీ అడగడం. ఎడమవైపు, "విసుక్కుంటాడు, అందరూ చూస్తారు". కుడివైపు, "తెచ్చి పెట్టాడు". తర్వాత బస్సులో కండక్టర్ని స్టాపు అడగడం, లైబ్రరీలో పక్కవాణ్ణి పలకరించడం, బ్యాంకులో తప్పు ఫారం నింపి ఇంకొకటి అడగడం. బ్యాంకు రోజున ఫోన్ చేసి, "ఆయన తలెత్తి కూడా చూడలేదు బాబాయ్" అన్నాడు, ఏదో పెద్ద బరువు దిగినట్టు. భయపడే పని నుంచి తప్పుకున్న ప్రతిసారీ భయం పెరుగుతుంది. మెట్టు మెట్టుగా ఎదురెళ్తే తగ్గుతుంది. వైద్యులు చేయించేదీ ఇదే.

మాక్ ఇంటర్వ్యూలకూ వెళ్ళాడు. ఒకరు నవ్వమన్నారు, ఒకరు నవ్వొద్దన్నారు. నాలుగోదానికి అయోమయంలో పడ్డాడు. అక్కడితో మానిపించాం. వాటివల్ల ఒక మేలు మాత్రం జరిగింది. వీడియోలో తనను తాను చూసుకున్నాడు. లోపల గుండె డప్పులా కొట్టుకున్న ఆ అరగంట, తెర మీద మామూలుగా మాట్లాడుతున్న కుర్రాడిలా కనిపించింది. మన కంగారు ఎదుటివాళ్ళకు అద్దంలోలా కనిపించిపోతుందని మనం అనుకుంటాం గానీ అంత కనిపించదని థామస్ గిలోవిచ్ బృందం 1998లో ప్రయోగాలు చేసి చూపించింది. మావాడు దాన్ని కళ్ళారా చూశాడు.

అందరికీ నోట్‌బుక్ చాలదు. జనాన్ని చూస్తే ఊపిరాడనివాళ్ళు, కాలేజీకే వెళ్ళలేనివాళ్ళు ఉన్నారు. వాళ్ళు సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవాలి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ దీనికి బాగా పనిచేస్తుంది. టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంకో హెచ్చరిక. గుండె దడ తగ్గుతుందని స్నేహితుడిచ్చిన మాత్ర ఎవరూ వేసుకోవద్దు. అటువంటి మందుల్లో కొన్ని ఉబ్బసం ఉన్నవాళ్ళకు ప్రమాదం. అది డాక్టరు చెప్పాల్సిన సంగతి.

భాష సంగతీ చెప్పాలి. మన పిల్లల భయంలో సగం ఇంగ్లీషు భయం. తెలుగులో ఇంటర్వ్యూ ఇచ్చే వీలుంది, దుబాసీని ఏర్పాటు చేస్తారు. శ్రీకాకుళం జిల్లా పల్లెలో పుట్టి, బడిపంతులుగా పనిచేస్తూ, తెలుగునే నమ్ముకుని 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్న రోణంకి గోపాలకృష్ణ మన కళ్ళముందే ఉన్నారు. ఇంగ్లీషులోనే మాట్లాడదలచుకున్నవాళ్ళకైనా నా మాట ఒకటే: చిన్న వాక్యాలు చాలు, యాస అక్కర్లేదు.

అసలు ఇంటర్వ్యూలే తీసేయాలనేవాళ్ళూ ఉన్నారు. కేంద్రం 2016 జనవరి నుంచి కింది స్థాయి ఉద్యోగాలకు తీసేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1కు కూడా తీసేసింది. పట్నంలో పెరిగి, ఇంట్లో ఇంగ్లీషు విన్న పిల్లలకు ఇంటర్వ్యూ కలిసొస్తుందన్న మాట నిజం. ఆ అన్యాయాన్ని నేను కాదనను. కానీ ఇంటర్వ్యూ తీసేసినా ఉద్యోగంలో మనుషులుంటారు. రేపు ఆ అధికారి ఊరి మధ్య నిలబడి కోపంతో ఉన్న రైతులతో మాట్లాడాలి. మాట నేర్పాల్సింది ఇరవై ఐదో ఏట కాదు. బడిలో ప్రతి బిడ్డా వారానికొకసారైనా లేచి నిలబడి మాట్లాడాలి. తప్పు మాట్లాడినా ఎవరూ నవ్వకూడదు. రెండో సంగతి చూసుకోవాల్సింది పంతులు.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం ఢిల్లీ ధోల్‌పూర్ హౌస్ బయటి నుంచి ఫోన్ చేశాడు. కుర్చీ లాక్కున్నప్పుడు చెయ్యి వణికిందట. రెండు ప్రశ్నలకు "తెలియదు సర్" అన్నాడట. చివర్లో ఒక సభ్యురాలు, నీలో లోపమేమిటని అడిగారట. "కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు భయం మేడమ్. మూడు నెలలుగా తగ్గించుకుంటున్నాను. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పట్టుకుని నిలబడేవాళ్ళను చూశాను. వాళ్ళూ లోపలికి వెళ్ళేముందు చెప్పాల్సిన మాట రెండుసార్లు గొణుక్కుంటారు. వాళ్ళకు నేను కుర్చీ చూపించి, ముందు ఊరు పేరు అడుగుతాను" అన్నాడట. ఆ జవాబు ఎవరూ నేర్పింది కాదు. వాడి భయమే వాడికి నేర్పింది. భయపడ్డవాడు ఎదుటివాడి భయాన్ని గుర్తుపడతాడు. ప్రభుత్వ కార్యాలయాల గడపల దగ్గర ఆ చూపు చాలా తక్కువగా ఉంది, అందుకే ఇలాంటి పిల్లలు లోపలికి వెళ్ళాలని నేను బలంగా కోరుకుంటాను.

తుది జాబితాలో వాడి పేరు వచ్చింది. మొన్న ఒక పెళ్ళిలో పెద్దాయన ఒకరు వాడి భుజం తట్టి, "మొదటినుంచీ అంతే, నోట్లో నాలుక లేని పిల్లాడు" అన్నారు మెచ్చుకోలుగా. మా వదిన పక్కనే ఉంది.

"ఉంది అన్నయ్యగారూ. మేమే ఇన్నాళ్ళూ కదలనివ్వలేదు" అంది.