గీత చూసి నింద వేస్తారా?

శ్రీ సిటీలో కాంట్రాక్టు పనికి పోయే మా కాలనీ అమ్మాయి ఒకామె శ్మశానం దారి కోసం అర్జీ రాసింది. డిగ్రీ చదివిన పిల్ల. కామాలు, అక్కడక్కడా పొడుగు అడ్డగీతలు పెట్టి శుభ్రంగా టైపు చేసుకుని పోయింది. కాగితం తీసుకున్న ఉద్యోగి దారి సంగతి అడగలేదు. "ఏమ్మా, ఏఐ రాసిచ్చిందా? ఈ గీతలు చూస్తేనే తెలస్తా ఉందే" అన్నాడు. పక్కనోళ్లు నవ్వినారు.

ఈ మాట మనకు కొత్తదా? మన తాతలు అర్జీ ఇస్తే "ఎవురు రాసిచ్చినార్రా?" అన్నారు. ఇప్పుడు మనిషి బదులు మిషను వచ్చింది. అడిగేవాళ్ల బుద్ధి మారలేదు. మనం తప్పులతో రాస్తే చదువు రాదంటారు. తప్పుల్లేకుండా రాస్తే మనం రాయలేదంటారు.

చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. అది పొడుగు గీతలు ఎక్కువ వాడిన మాట నిజమే. కానీ అది మనుషుల రాతల నుంచే నేర్చుకుంది. పైగా కంప్యూటర్లో వర్డ్‌లో రెండు చిన్న గీతలు కొడితే అదే పొడుగు గీతగా మారిపోతుంది.

2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఏఐ రాతను పట్టిస్తామనే ఏడు సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ఇంగ్లీషు సొంత భాష కానివాళ్లు స్వయంగా రాసిన 91 వ్యాసాలు ఇస్తే, సగటున సగానికి పైగా ఏఐ రాసినవేనన్నాయి. అక్కడి బడిపిల్లల వ్యాసాలను మాత్రం దాదాపు సరిగానే గుర్తించాయి. భాషను కష్టపడి నేర్చుకున్నోళ్ల మీదే నింద పడింది. అదే ఏడు జులైలో, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ తన సొంత సాఫ్ట్‌వేరును సరిగా పనిచేయడం లేదని తీసేసింది. వాళ్లకే తేలనిది ఒక గీత చూసి తేలుతుందా?

మనోళ్లు ఏఐ వాడరా? వాడతారు. డబ్బున్నోళ్లకు వకీలు రాసిస్తే లేని తప్పు మనకెందుకు? కాకపోతే మిషను లేని జీవోను కూడా ఉన్నట్టే రాసేస్తుంది. సంతకం మనది, జవాబు చెప్పాల్సింది మనం. ప్రతి ముక్కా సరిచూసుకోవాల.

కార్యకర్తలారా! భయపడి కామాలు తీసేయొద్దు. సర్వే నంబరు, తేదీలు, చూసినోళ్ల పేర్లు అర్జీలో రాయండి. చిత్తు కాగితం దాచండి. రసీదు అడిగి తీసుకోండి. "ఎవరు రాశారు?" అంటే "రాసింది నిజమో కాదో వచ్చి చూడండి సార్" అనండి.

వానాకాలంలో మేం శవాన్ని మోకాటి లోతు బురదలో మోసుకుపోతా ఉండాం. ఆ అర్జీలో ఉన్నది అదే. దానికి జవాబు ఇంకా రాలేదు.