పథ్యం పేరుతో పస్తులు

కొలనోస్కోపీ రిపోర్టులో పేగు వాపు జబ్బులైన అల్సరేటివ్ కొలైటిస్ అనో క్రోన్స్ అనో రాసి ఉంటే చాలు, ఆ సాయంత్రానికే ఇంట్లో వంట మారిపోతుంది. పాలు మానేయాలి. పప్పు వద్దు. ఆకుకూర అరగదు. చేప వేడి. గుడ్డు పడదు. వంకాయ, గోంగూర, దుంపలు, చింతపండు ఒక్కొక్కటే పోగా, మెత్తగా ఉడికించిన తెల్లన్నం, పలచని మజ్జిగ మిగులుతాయి. డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ కంటే చుట్టపక్కాలు చెప్పిన నిషేధాల చిట్టా పొడుగు. దాని వెనకున్న నమ్మకం ఒక్కటే: ఈ జబ్బు తిండి వల్ల వచ్చింది, తిండి మానితే పోతుంది. విశాఖపట్నంలో ఇంజనీరు ఇంట్లోనూ, పోర్టు కూలీ ఇంట్లోనూ ఇదే మాట. ఆ మాట తప్పని, దాన్ని పట్టుకుని మన రోగుల్ని మనమే పస్తులు పెడుతున్నామని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గాజువాక దగ్గర ఉండే ఓ కాంట్రాక్టు కార్మికుడి కేరేజీ చూశాను. బి-షిఫ్టు మధ్యలో నలుగురూ కూర్చుని గిన్నెలు విప్పారు. ఒకరి గిన్నెలో కానాగంతల పులుసు, ఇంకొకరి దాంట్లో ఆనపకాయ పప్పు. ఈయన కేరేజీలో కింది గిన్నెలో పెరుగన్నం, పై గిన్నెలో రెండు బ్రెడ్డు ముక్కలు. "ఏటి బావా, ఈయేళ కూడా పెరుగన్నవేనా?" అని పక్కాయన అడిగితే, "కూర తింటే పేగు పాడైపోద్దని మాయావిడ భయం" అన్నాడు. ఆ పెరుగన్నం కూడా సగమే తిన్నాడు. తింటే దొడ్డికి వెళ్ళాల్సి వస్తుంది, ఇంటికి వెళ్ళే బస్సులో ఆ సదుపాయం ఉండదు. బెల్టుకి కొత్తగా మేకుతో పొడిచిన రంధ్రాలు రెండున్నాయి. చివరి రంధ్రంలో పెట్టినా ప్యాంటు జారుతోంది. ఆయన భార్యని నేను తప్పుపట్టను. ప్రేమ కొద్దీ చేస్తోంది. ఆమెకి ఆ మాట చెప్పినవాళ్ళతోనే నా పేచీ.

ఈ నమ్మకం ఎలా పాతుకుపోయిందో తేలిగ్గానే అర్థమవుతుంది. ఏదో తిన్నాం, గంటలో కడుపు మెలిపెట్టింది, పరుగెత్తాం. కాబట్టి ఆ తిన్నదే పుండుని రేపింది అనుకుంటాం. కానీ కడుపులో బాధ వేరు, పేగు గోడలో వాపు వేరు. వాపు అనేది ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత పేగు మీదే తిరగబడటం వల్ల వచ్చేది. వంశంలోంచి వచ్చిన జన్యువులు, పేగులోని సూక్ష్మజీవులు, చుట్టూ ఉన్న వాతావరణం అన్నీ కలిస్తే పుట్టేది. తిండి అందులో ఒక పాయ. బాధ మాత్రం గ్యాస్ వల్లా రావచ్చు, భయం వల్లా రావచ్చు. వాపు ఉందో లేదో నాలుక చెప్పలేదు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ ఎంతుందో చూసే పరీక్ష చెబుతుంది, కొలనోస్కోపీ చెబుతుంది. లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ళు జబ్బు అణిగి ఉండి, కడుపు బాధలు మాత్రం పోని 52 మందిని తీసుకుని, గ్యాస్ పుట్టించే పిండిపదార్థాలు తగ్గించి చూశారు. 2020లో ఫలితం వచ్చింది. బాధలు తగ్గాయి. వాపు కొలతల్లో తేడా రాలేదు. పైగా పేగుకి మేలుచేసే బైఫిడో బాక్టీరియా తగ్గిపోయాయి.

పాల సంగతి కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో మొదటి వేటు పడేది దాని మీదే. 2010లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఏ జబ్బూ లేని దక్షిణాది వాళ్ళకే శ్వాస పరీక్ష చేస్తే దాదాపు 79 శాతం మందికి పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, సరిగా అరగడం లేదని తేలింది. ఉత్తరాదిలో అది 57 శాతం. అంటే గ్లాసెడు పాలు తాగితే కడుపు గుడగుడలాడటం మనలో చాలామందికి పుట్టుకతో వచ్చిన తీరు. ఆ మనిషికే కొలైటిస్ వస్తే, ఆ గుడగుడని కొలైటిస్ ఖాతాలో వేసేస్తున్నాం. 2013లో ఇటలీ వైద్యులు కొలైటిస్ ఉన్న పిల్లల్లో సగం మందికి ఆవుపాల పదార్థాలు పూర్తిగా మాన్పించి చూశారు. మానిన పిల్లలకి మానని పిల్లల కంటే జబ్బు తొందరగా తగ్గిందీ లేదు, తిరగబెట్టకుండా ఆగిందీ లేదు. పాలు పడనివాళ్ళు పాలు మానొచ్చు. పులిసిన పెరుగులో లాక్టోజ్ తగ్గుతుంది కాబట్టి అది చాలామందికి పడుతుంది. కానీ అందరికీ కట్టగట్టి పాలూ పెరుగూ పన్నీరూ మాన్పిస్తే ఏమవుతుంది? జబ్బు ఎగిసినప్పుడు ఇచ్చే స్టెరాయిడ్లు ఎముకల్ని గుల్ల చేస్తాయి. సరిగ్గా అప్పుడే కాల్షియం ఆపేస్తున్నాం. ముప్పై ఏళ్ళ మనిషికి అరవై ఏళ్ళ ఎముకలు కట్టబెడుతున్నాం.

పీచు మీద ఉన్న భయానికీ ఇదే గతి. క్రోన్స్‌లో పేగు ఇరుకైపోయిన చోట ములక్కాడ పిప్పి, జామ గింజలు, తొక్కలు అడ్డంపడి ప్రమాదం తెస్తాయి. అది నిజం. రక్తం పడుతూ జబ్బు తీవ్రంగా ఉన్న రోజుల్లో మెత్తని తిండే మేలు. అదీ నిజం. కానీ ఆ కొద్ది రోజుల జాగ్రత్తని జీవితకాలపు శిక్షగా మార్చమని ఎవరు చెప్పారు? అమెరికాలో 1,619 మంది రోగుల్ని ఆరు నెలలు గమనించి 2016లో ప్రకటించిన వివరాల్లో, పీచుకి భయపడి దూరం జరగని క్రోన్స్ రోగులకి జబ్బు తిరగబెట్టే అవకాశం దాదాపు 40 శాతం తక్కువగా కనిపించింది. బీరకాయ, ఆనపకాయ, పొట్లకాయ, తొక్క తీసిన దొండకాయ, మెత్తగా ఉడికిన పెసరపప్పు, చోడి అంబలి. ఇవి మన సీతమ్మధార రైతుబజారులో దొరికేవే, పేదవాడు కొనగలిగినవే. వీటిని మాన్పించి సాధించింది ఏమిటి?

చేప వేడి చేస్తుందన్న మాటకైతే నాకు ఎక్కడా ఆధారం కనబడలేదు. మాంసం సంగతి పరీక్షించిన వాళ్ళున్నారు. జబ్బు అణిగి ఉన్న క్రోన్స్ రోగుల్లో ఒక జట్టుకి వారానికి రెండుసార్లైనా ఎర్రమాంసం తినమని, ఇంకో జట్టుకి నెలకి ఒకసారికి మించొద్దని చెప్పి చూస్తే, జబ్బు తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2019 నాటి ముచ్చట. మాంసం మీదే రుజువుకాని నేరాన్ని ఫిషింగ్ హార్బరులో పొద్దున్నే దిగిన కవళ్ళ మీద, నెత్తళ్ళ మీద మోపుతున్నాం. ఒంట్లో కండ కరిగిపోతున్న మనిషికి అంతకంటే చవగ్గా దొరికే ప్రొటీన్ ఈ ఊళ్ళో ఏముంది?

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇంకొకటి. కూరా చేపా మాన్పించిన ఆ ఇంట్లోనే మంచం పక్కన బిస్కట్ ప్యాకెట్లు, బ్రెడ్డు, రస్కులు, డబ్బా పొడులు పేర్చి ఉంటాయి. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ అవే తెస్తారు. "తేలిగ్గా అరుగుతాయి" అంటారు. ప్యూర్ అనే పెద్ద పరిశోధన మన దేశంతో సహా 21 దేశాల్లో 1,16,087 మంది తిండిని ఏళ్ళ తరబడి గమనించింది. 2021లో ఫలితాలు వెలువడ్డాయి. ఫ్యాక్టరీలో బాగా మార్పుచేసి తయారైన తిండి రోజుకి ఐదు వడ్డనలు, ఆపైన తినేవాళ్ళకి, ఒకటి కంటే తక్కువ తినేవాళ్ళతో పోలిస్తే పేగు వాపు జబ్బు వచ్చే ముప్పు దాదాపు 1.8 రెట్లు. పాలు, మాంసం, కూరగాయలు, పళ్ళు, పప్పులకి అలాంటి సంబంధమే కనిపించలేదు. ఇది జబ్బు రావడం గురించి చెప్పిన లెక్క, వచ్చాక తిరగబెట్టడం గురించి కాదు. అయినా సరే, అనుమానం దేని మీద ఉందో దాన్ని మంచం పక్కన పెట్టి, అనుమానమే లేనిదాన్ని వీధిలో పారేస్తున్నాం. ఇదేం పథ్యం?

ఇది పట్నం కూటి తెగులు, పల్లెటూళ్ళో చద్దన్నం తినేవాడికి రాదు అనేవాళ్ళూ ఉన్నారు. హైదరాబాదులోని ఏఐజీ ఆసుపత్రి వైద్యులు తెలంగాణ పల్లెల్లో తిరిగి చూసి 2023లో ప్రకటించింది చదవండి. పల్లెల్లోనూ పట్నాలకి దీటుగా ఈ జబ్బు బయటపడుతోంది. రోగిని "నీ తిండే నీకు తెచ్చింది" అని నిందించే హక్కు ఎవరికీ లేదు.

అయితే తిండికీ ఈ జబ్బుకీ సంబంధం లేదా? ఉంది, చాలా ఉంది. క్రోన్స్ వచ్చిన పిల్లలకి ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు అన్నం, కూర ఆపి, సకల పోషకాలూ ఉన్న ద్రవాహారం ఒక్కటే ఇస్తే ఎక్కువమందికి జబ్బు అణుగుతుంది. ఐరోపాలో పిల్లల వైద్యులు స్టెరాయిడ్ల కంటే ముందు దీన్నే ఎంచుకుంటారు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 66 మంది కొలైటిస్ రోగులతో చేసిన ప్రయోగం 2022లో ‘గట్’ పత్రికలో వచ్చింది. ఆరోగ్యవంతుల మలంలోని సూక్ష్మజీవుల్ని ఎక్కించి, దానితోపాటు వాపు తగ్గించే ఆహారం పెడితే, ఎనిమిది వారాలకి 60 శాతం మందిలో జబ్బు అణిగింది. మామూలు మందులు వాడినవాళ్ళలో అది 32 శాతమే. వీటిలో ఒక్కటీ పస్తు కాదని గమనించండి. కొలిచి, బరువు చూసుకుంటూ, వైద్యుల కంటి ముందు చేసినవి. బియ్యం గోధుమలతో సహా ధాన్యాలన్నీ నిషేధించే కఠినమైన పథ్యాన్ని, మధ్యధరా తీరపు భోజనాన్ని 194 మంది క్రోన్స్ రోగుల్లో పక్కపక్కన పెట్టి చూశారు, 2021లో. ఆరు వారాలకి బాధలు తగ్గినవాళ్ళు మొదటిదాంట్లో 46.5 శాతం, రెండోదాంట్లో 43.5 శాతం. అన్ని త్యాగాలు చేసినవాళ్ళకి దక్కిన అదనపు లాభం అంతే, లెక్కలోకి రానంత. మధ్యధరా భోజనం అంటే చేపలు, పప్పులు, కూరగాయలు, పళ్ళు, గింజలు. బంగాళాఖాతం ఒడ్డున ఉన్న మనకి అది కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

పథ్యం చేసే అసలు హాని మందుల దగ్గర బయటపడుతుంది. కూర మానేశాను కదా, రక్తం ఆగింది కదా, ఇంక మాత్రలెందుకు అనుకుంటారు. వాపుని అణిచే మెసలమిన్ మాత్రలు సక్రమంగా వేసుకోని కొలైటిస్ రోగులకి జబ్బు తిరగబెట్టే ముప్పు ఐదు రెట్లకి పైనే అని 2003లోనే తేలింది. చిటికెడు పసుపు పాలల్లో కలిపి తాగితే చాలని చెప్పేవాళ్ళకి ఎయిమ్స్ వాళ్ళే 2017లో జవాబు చెప్పారు: పసుపులోని కర్కుమిన్‌ని రోజుకి 450 మిల్లీగ్రాములు మెసలమిన్‌తో పాటు ఇచ్చినా ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు. ఎక్కువ మోతాదులో, మెసలమిన్‌కి తోడుగా ఇచ్చిన చోట ఫలితం కనిపించింది. దానికీ మందు ఆపలేదు. అసలే మన దేశంలో క్రోన్స్‌ని పేగు క్షయ నుంచి విడదీసి గుర్తించడం వైద్యులకే కష్టం, అక్కడే నెలలు గడిచిపోతాయి. దాని మీద ఇంకో ఆరు నెలలు మజ్జిగన్నంతో నెట్టుకొస్తే పేగు ఇరుకవుతుంది, ఒక్కోసారి కోత తప్పదు. లోపల ఏళ్ళ తరబడి రగిలే వాపు పెద్దపేగు క్యాన్సర్‌కి దారితీయవచ్చు.

ఈ తప్పులో వైద్యుల వాటా తక్కువేం కాదు. "ఏం తినమంటారు డాక్టర్ గారూ?" అని అడిగితే "ఏదైనా తినండి, కారం తగ్గించండి" అని తల ఎత్తకుండా చెప్పి పంపేస్తే, ఆ ఖాళీని పక్కింటి పిన్నిగారు నింపక ఎవరు నింపుతారు? ఫలానాది తింటే నాకు మండుతుంది అని రోగి చెబితే కొట్టిపారేయకూడదు. ఒక్కదాన్ని రెండు మూడు వారాలు ఆపి, మళ్ళీ తిని చూసి, నిజంగా పడకపోతే దాన్ని ఒక్కదాన్నే వదిలేయమని చెప్పాలి. దానికి ఐదు నిమిషాల కంటే ఎక్కువ పట్టదు.

కింగ్ జార్జి ఆసుపత్రి ఓపీ నుంచి కార్పొరేటు ఆసుపత్రుల దాకా, ఈ జబ్బుకి మందు రాసే ప్రతి చోటా రోగి బరువు రాసుకునే గడి, రక్తహీనత, డి విటమిన్, బి12 పరీక్షలు, పక్క గదిలో ఒక డైటీషియన్ ఉండాలి. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం తెలుగులో ఉండాలి. దాని మీద పప్పు ఎంత, చేప వారానికి ఎన్నిసార్లు, ఏ కూర ఎలా వండాలి, ఎప్పుడు మానాలి, మానినదాన్ని ఏ తారీకున మళ్ళీ మొదలుపెట్టాలి అన్నది రాసి, కింద డాక్టరు సంతకం పెట్టాలి. షిఫ్టులో ఉన్నవాడు అడగ్గానే పని ఆపి దొడ్డికి వెళ్ళేందుకు పదిహేను నిమిషాలు ఇమ్మని ఇంకో చీటీ కూడా ఆ డాక్టరే యాజమాన్యానికి రాయాలి. దొడ్డి భయం లేకుండా డ్యూటీ చేయగలిగితే ఆ గాజువాక కార్మికుడు కేరేజీ పూర్తిగా తింటాడు.