నెత్తి మీద చెయ్యి ఎందుకు పెట్టుకున్నట్టు?

ఈ వారం ఆఫీసు కబుర్లు పక్కన పెట్టి నా వీపు గురించి చెప్తా. నవ్వకండి, మీకూ ఉందేమో చూసుకోండి. కుడి రెక్క ఎముకకీ వెన్నుపూసకీ మధ్య, సరిగ్గా చెయ్యి అందని చోట, రూపాయి బిళ్లంత జాగా. అక్కడ చీమలు పాకుతున్నట్టు, ఎవరో సూదితో మెల్లగా పొడుస్తున్నట్టు ఒకటే చిమచిమ. నొప్పి అనలేం, దురద అనలేం. మీటింగు సాగేకొద్దీ ఎక్కువవుతుంది. కుర్చీ అంచుకి వీపు రుద్దితే రెండు నిమిషాలు హాయి, తర్వాత మళ్లీ మొదలు.

నాకిది మొదలై ఐదు నెలలు. ఉండేది హైదరాబాద్‌లో ఒక హాస్టల్ గదిలో. వారానికి మూడు రోజులు ఇంటినుంచే పని, అంటే మంచం మీద పని. ఒళ్లో ల్యాప్‌టాప్, వీపుకి దిండు, మెడ కిందికి. బామ్ రాశాను, స్ప్రే కొట్టాను, డిస్కౌంట్‌లో వచ్చిందని మసాజ్ గన్ కూడా కొన్నాను. రూమ్మేట్ చేత మోచేత్తో నొక్కించుకున్నాను. దేనికీ తగ్గలేదు.

దసరాకి మా ఊరు గద్వాల వచ్చాను. రాత్రి అమ్మ బామ్ సీసా తీసుకుని వెనక కూర్చుంటే, "అక్కడ కాదమ్మా, కొంచెం పైన, కాదు కొంచెం లోపలికి" అని దారి చెప్తున్నాను. నాయిన మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు.

"యాడ బిడ్డా?" అంటూ ఒక్క వేలు పెట్టాడు. సరిగ్గా అక్కడే.

"ఎట్ల తెలిసింది నాయినా?"

"నాకూ ఆడనే గదా. మూడేండ్లాయె."

మూడేళ్లు! నా ఐదు నెలలకే నేను ఊరంతా చెప్పుకున్నాను. ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. అడిగితే, "మగ్గం మీద కూసున్నోనికి వీపు నొయ్యకుంటే ఇంకేం నొస్తది" అన్నాడు.

గద్వాల చీర గురించి మీకు తెలిసే ఉంటుంది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందని పేరు. ఒళ్లు ఒక రంగు, రెండు అంచులు ఇంకో రంగు కాబట్టి పేకకి మూడు నాడెలు తిరగాలి. ఒళ్లు, అంచు కలిసే చోట పోగులో పోగు మెలేస్తూ పోవాలి. ఆ గీత మీదినుంచి చూపు తిప్పడానికి వీల్లేదు. అంటే రోజంతా తల కిందికే. ల్యాప్‌టాప్ ముందు నేనూ అదే భంగిమ. తేడా అల్లా నాకు శని, ఆదివారాలు సెలవు.

మర్నాడు సాయంత్రం ఇంకోటి గమనించాను. నాయిన అరుగు మీద కూర్చుని కుడి చెయ్యి ఎత్తి నెత్తి మీద పెట్టుకున్నాడు. అమ్మ వెంటనే అందుకుంది.

"పొద్దుగూకే యాళ నెత్తి మీద చెయ్యేందయ్యా, ఇంటికి మంచిది కాదు. తియ్యి."

ఆయన తీశాడు. అమ్మ లోపలికి పోగానే మళ్లీ పెట్టాడు. "అట్ల పెడితే జర ఇడుస్తది బిడ్డా. చెయ్యి కిందికి ఏలాడితే నడిమేలు దాకా గుంజుతది" అన్నాడు గొంతు తగ్గించి. ఆ మధ్య నాడె కూడా చేతిలోంచి రెండు మూడుసార్లు జారిందట.

వనపర్తిలో మా పెద్దమ్మ వాళ్లుంటారు. వాళ్ల వీధిలోని డాక్టరుకి చూపిద్దామని పండగ మర్నాడే ఇద్దరం బస్సెక్కాం. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, పెబ్బేరు. దారిపొడవునా ఆయన కుడి చెయ్యి నెత్తి మీదే. ఏదో కష్టంలో ఉన్న మనిషి అనుకున్నారేమో, పక్క సీటాయన మంచినీళ్ల సీసా కూడా ఇచ్చాడు.

డాక్టరు ముందు నన్ను చూశారు. మెడని అటూ ఇటూ వంచమన్నారు. చేతుల్ని నెట్టమన్నారు, పిడికిలి బిగించమన్నారు. చిన్న సుత్తితో మోచేతి దగ్గర కొట్టారు, దూదితో తాకి తెలుస్తోందా అని అడిగారు. "బలం, స్పర్శ, రిఫ్లెక్సులు అన్నీ బాగున్నాయి. ఇప్పుడు స్కాన్ అక్కర్లేదు. కూర్చునే తీరు మార్చి ఆరు వారాలు చూడు" అన్నారు.

తర్వాత నాయిన వంతు. మోచెయ్యి మడిచి బయటికి నెట్టమంటే కుడి చెయ్యి లొంగిపోయింది. సుత్తితో కొడితే ఎడమ చెయ్యి ఎగిరింది, కుడిది కదల్లేదు. నెత్తి మీద చెయ్యి పెడితే హాయిగా ఉంటుందా అని డాక్టరే అడిగారు. నేను నోరు తెరిచాను. మెడలో నరం నొక్కుకుపోయినప్పుడు చెయ్యి ఎత్తి తల మీద పెడితే ఆ నరం మీద లాగుడు తగ్గుతుంది. డాక్టర్లు రోగిచేత అలా చేయించి మరీ చూస్తారట. అమ్మకి అరిష్టంలా కనిపించింది డాక్టరుకి ఆనవాలు.

మరి మెడలో తేడా ఉంటే వీపులో చిమచిమ ఏమిటి? మన భాషలో చెప్పాలంటే, ఎర్రర్ కనిపించే లైన్ వేరు, బగ్ ఉన్న లైన్ వేరు. మెడలోంచి ఎనిమిది జతల నరాలు బయటికొస్తాయి. కింది మెడలో డిస్క్ అరిగినా, జరిగినా ఆ బాధ మెదడుకి చాలాసార్లు రెక్క ఎముక లోపలి అంచున ఉన్నట్టే తెలుస్తుంది. 1959లో హవాయికి చెందిన న్యూరోసర్జన్ రాల్ఫ్ క్లోవార్డ్ రోగుల మెడ డిస్కుల్లోకి సూది ఎక్కించి చూసి, నొప్పి రెక్క ఎముక దగ్గర పుడుతోందని రాశారు. నా మసాజ్ గన్ కొట్టిందంతా తప్పు లైన్ మీదే అన్నమాట.

అన్నీ మెడవే అనుకోవద్దు. ఆ చోట చిమచిమ కంటే దురద ఎక్కువగా ఉండి, గోకి గోకి చర్మం గోధుమరంగు మచ్చ కట్టిందంటే అది నోటాల్జియా పరెస్థెటికా కావచ్చు. వీపు పైభాగంలో చర్మానికొచ్చే సన్న నరాలు చికాకు పడటం. 1934లో అస్త్వత్సతురోవ్ అనే రష్యన్ న్యూరాలజిస్టు దీనికి ఈ పేరు పెట్టారు. ప్రమాదం లేదు, కానీ మొండిది. షుగర్, బి12 లోపం కూడా తిమ్మిర్లు తెస్తాయి. నాయినకి ఆ రెండు పరీక్షలూ రాశారు.

నాగర్‌కర్నూల్‌లో ఉండే మా చిన్నత్తకి కూడా ఇలాగే రెక్క కింద చిమచిమతో మొదలైంది. మూడో రోజుకి ఒక పక్కనే పట్టీలాగా నీటిపొక్కులు. సర్పి. తెలిసినవాళ్లు చెప్పిందేదో పూసుకుంటూ వారం గడిపింది. పొక్కులు పోయినా మంట నెలల తరబడి ఉండిపోయింది. సర్పికి వైరస్ మందు పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు.

ఇక నేను చేసినవి చెప్తా. ల్యాప్‌టాప్ ఒళ్లోంచి బల్ల మీదికి ఎక్కింది. కింద నా ఇంజినీరింగ్ పుస్తకాలు నాలుగు పెట్టాను, వాటికి ఇన్నాళ్లకి ఒక ఉపయోగం. స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తులో, కీబోర్డు విడిగా. ఫోన్ కిందికి వంగి కాదు, పైకెత్తి చూడటం. 2014లో న్యూయార్క్ వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ కంప్యూటర్ నమూనాతో లెక్క కట్టారు. తలని ముందుకి 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం సుమారు 27 కేజీలు. లెక్కే అనుకున్నా, బియ్యం బస్తాకి కొంచెం ఎక్కువ.

వ్యాయామాలు రెండే. నిటారుగా కూర్చుని, తల వంచకుండా గడ్డాన్ని వెనక్కి నెట్టి ఐదు సెకన్లు ఆపడం. రెక్క ఎముకలు రెండూ దగ్గరికి తెచ్చి ఐదు సెకన్లు ఆపడం. ఒక్కోటి పదిసార్లు, రోజుకి మూడు పూటలు. చేస్తున్నప్పుడు తిమ్మిరి చేతిలోకి దిగుతుంటే ఆపేసి డాక్టరుకి చెప్పాలి. సెలూన్‌లో మెడ టక్కుమనిపించుకోవడం మాత్రం వద్దు. మెదడుకి పోయే రక్తనాళం చిరిగే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే పనికొచ్చింది మధ్యలో లేవడం. ఇది నాయిన దగ్గర కాపీ కొట్టాను. జానెడు బట్ట నేశాక దాన్ని రోలర్‌కి చుట్టాలి కదా, చుట్టిన ప్రతిసారీ గుంటలోంచి లేచి నాలుగడుగులు వేయమని ఫిజియోథెరపిస్టు ఆయనకి చెప్పింది. వేరే అలారం అక్కర్లేదు, పనే గుర్తు చేస్తుంది. నేను బిల్డ్ రన్ చేసిన ప్రతిసారీ లేస్తున్నాను. మా ప్రాజెక్టులో బిల్డులు ఎన్నిసార్లు ఫెయిలవుతాయో తెలిస్తే నేనెంత నడుస్తున్నానో మీకే అర్థమవుతుంది.

కొన్నిటికి మాత్రం ఆగొద్దు. చేతిలో పట్టు తగ్గితే, వస్తువులు జారిపోతుంటే, గుండీలు పెట్టుకోలేకపోతే వెంటనే చూపించుకోండి. నడక తూలినా, మూత్రం మీద అదుపు తప్పినా అది అత్యవసరమే. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉన్నా ఆలస్యం వద్దు. రెక్క దగ్గర బాధతో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే గ్యాస్ అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. పాలిన మచ్చ మీద తాకినా తెలియకపోతే కుష్ఠు కావచ్చు. సర్కారు దవాఖానాలో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. డాక్టరు దొరకడం మునుపంత కష్టం కాదు, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లోనే ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి.

నాయినకి ఎంఆర్ఐలో మెడ కింద ఒక డిస్క్ నరాన్ని నొక్కుతున్నట్టు తేలింది. బలం ఇంకా తగ్గితే ఆపరేషన్, లేకపోతే ఫిజియోథెరపీతో చూద్దాం, చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది అన్నారు డాక్టరు. వారం వారం పట్టు చూస్తున్నారు. రెండు నెలలకి వేలి తిమ్మిరి సగానికి తగ్గింది. బలం పూర్తిగా రాలేదు. రోజుకి రెండు గంటలు తక్కువ నేస్తున్నాడు. అంటే నెలకి చీర తగ్గుతుంది, డబ్బు తగ్గుతుంది. ఆ తగ్గేది నేను పంపుతానంటే మొదట ఒప్పుకోలేదు. మసాజ్ గన్ ధర చెప్పాక ఒప్పుకున్నాడు.

నా రూపాయి బిళ్ల ఇప్పుడు మీటింగు మరీ సాగితే తప్ప కనిపించడం లేదు.

మొన్న వీడియో కాల్‌లో అమ్మ ఒక ముచ్చట చెప్పింది. ఎదురింటి అరుగు మీద మా మామ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడట. ఆయన కూడా మగ్గం మనిషే. ఇదివరకైతే తియ్యమని అరిచేది. ఇప్పుడు దగ్గరికి పోయి అడిగిందట.

"ఏమన్నా, చెయ్యి గుంజుతుందా? ఏళ్లు తిమ్మిరెక్కుతున్నయా?"