దుబాయిలో కోరు న్యాయము ఇందల్వాయిలో కలదా?

వలస వచ్చినవానిని ద్వేషించుట నేడు అనేక దేశములలో రాజకీయ ధర్మముగా చెల్లుబాటగుచున్నది. మన ప్రాంతమున ఆ ద్వేషము తల యెత్తుటకంటె విడ్డూరము వేఱొకటి లేదు. ఇందల్వాయి మీదుగా 44వ జాతీయ రహదారియు, సికిందరాబాదు నుండి మన్మాడు పోవు రైలు మార్గమును సాగుచున్నవి. ఈ దారులనే మన పల్లెల యువకులు హైదరాబాదు చేరి, విమానమెక్కి దుబాయికిని, సౌదీకిని, కువైటుకును పోవుచున్నారు. ఈ దారులనే బీహారు, ఒడిశా కూలీలు వచ్చి మన రైసుమిల్లులలో బస్తాలు మోయుచున్నారు. ఇటుక బట్టీల వేడిమికి మాడుచున్నారు. మన మిద్దెలు కట్టుచున్నారు. పోవు మనవాడు కష్టజీవి యట. వచ్చు పరాయివాడు మన కూడు దోచువాడట! ఈ రెండు తూనికరాళ్లు ఒక త్రాసున ఇముడునా యని విజ్ఞులు విచారింపవలెను.

వలస వ్యవహారములు చూచు వకీలుగా నేనెఱిగిన కక్షిదారుల కథలలో పేర్లు మాఱునుగాని కాగితములు మాఱవు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము ననుసరించి, పదవ తరగతి ఉత్తీర్ణుడు కానివాడు గల్ఫు మొదలగు 18 దేశములకు పనికి పోవలెనన్న ప్రభుత్వాధికారి అనుమతి పొందవలెను. లైసెన్సు గల ఏజెంటే పంపవలెను. వాని రుసుము, పన్ను గాక, 30,000 రూపాయలకు మించరాదు. శాసనమిది. ఆచరణము వేఱు. లైసెన్సు లేని దళారి ఊరిలోనే యుండును. బంధువో, బాల్యమిత్రుడో అయియుండును. పొలమును, ఇల్లాలి పుస్తెలను కుదువబెట్టి తెచ్చిన సొమ్ము రసీదు లేకయే వాని చేతబడును. తుదకు చేతికి వచ్చునది పని వీసా కాదు, విజిట్ వీసా.

అచ్చట చెప్పిన పని యొకటి, చేయించు పని యొకటి. యజమానియగు కఫీలు పాస్‌పోర్టును తన పెట్టెలో దాచుకొనును. జీతము రాక ఆ చోటు విడిచినచో పరారీ యయ్యెనని ఫిర్యాదు చేయును. నాటినుండి అకామా లేని ఆ కూలివాడు తోటివారి నోట 'కల్లివెల్లి' యగును. చట్టము తప్పినవారు ఇచ్చట దళారి, అచ్చట యజమాని. చెఱసాల మాత్రము కూలివానికి! పిదప మేము చేయగలిగినది, రాయబార కార్యాలయమునకు వ్రాసి ఔట్‌పాసు తెప్పించుట, క్షమాభిక్ష గడువు దాటకుండ చూచుట. గల్ఫున మరణించినవారి కుటుంబములకు 5 లక్షల రూపాయలు ఇచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో నిర్ణయించుట మెచ్చదగినదే. కాని మరణించినవానికి చేయు సాయముకంటె బ్రతికియున్నవానికి చేయు రక్ష మిన్న కదా.

వలస మనకు కొత్త కాదు. బొంబాయిలోని కామాటిపురమునకు ఆ పేరు తెలంగాణము నుండి పోయిన కామాటీల వలననే వచ్చెను. మా పూర్వులును ఆ నగరమున మిల్లులలో పనిచేసి, మిగిల్చిన పైకముతో ఇచ్చట నాలుగెకరములు కొన్నవారే. నా చదువునకు మూలధనము ఆ వలస కూలియే. ఆ బొంబాయిలోనే 1966లో శివసేన పుట్టి, దక్షిణాదివారు స్థానికుల ఉద్యోగములు హరించుచున్నారని ఘోషించెను. నాడు ఆ నింద మనకు ములుకువలె తగిలెను. నేడు అదే నిందను బీహారువానిపై మనము ప్రయోగింపవచ్చునా?

స్థానికుల భయమునకు హేతువే లేదని నేననను. చౌక కూలీలను దెచ్చి ఊరివారి కూలి తగ్గించు గుత్తేదారులు కలరు. అయితే ఆ కోపము ఎవరిపై పోవలెను? రంగూను చరిత్ర దీనికి సమాధానము చెప్పుచున్నది. 1930 మే నెలలో అచ్చటి రేవున మన తెలుగు కూలీలు, బర్మావారు 'కోరంగీలు' అని పిలుచువారు, కూలి పెంపునకై సమ్మె కట్టిరి. ఓడసరకుల గుత్తేదారులు బర్మా కూలీలను పనిలో పెట్టిరి. సమ్మె ముగియగానే బర్మావారిని వెడలగొట్టిరి. మే 26న కొట్లాట చెలరేగెను. వందకు పైగా ప్రాణములు పోయెను. చచ్చినవారిలో తెలుగువారే అధికులు. లాభము గుత్తేదారులది, నెత్తురు ఉభయపక్షముల కూలీలది. 1942లో జపాను దండెత్తినపుడు లక్షలాది భారతీయులు బర్మా విడిచి అరకాను, అస్సాము అడవులగుండ కాలినడకన వచ్చిరి; దారిలో రాలినవారు వేలు.

చదువుకొన్నవారమగుటచే ఈ గతి మనకు పట్టదని పట్టణవాసులు తలపవచ్చును. అమెరికా సుప్రీముకోర్టు 1923లో భారతీయులు పౌరసత్వమునకు అనర్హులని తీర్పు చెప్పెను. 1946లో ద్వారము తెఱచినను ఏటికి నూరుగురికే తావిచ్చెను. 1965 నాటి చట్టము పిదపనే మన ఇంజినీర్లకు, వైద్యులకు ఆ దారి విశాలమయ్యెను. 2017లో కాన్సాసున ఒక తెలుగు ఇంజినీరు పరదేశీయుడన్న ద్వేషమునకు తుపాకి గుండు దెబ్బతో బలియయ్యెను. 2025 సెప్టెంబరులో క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధింపబడెను. ద్వేషము డిగ్రీలు చూడదు.

2020లో కరోనా నిర్బంధకాలమున ఈ 44వ రహదారి మీదనే ఉత్తరాది కూలీలు మూటలు నెత్తికెత్తుకొని కాలినడకన పోయిరి. దారిపొడుగున మనవారు అన్నము పెట్టిరి. దయ మన స్వభావమున కలదు. దానిని నియమముగా మార్చుటయే మిగిలినది. పరరాష్ట్ర కూలీల వివరములు నమోదు చేయవలెననియు, వారికి ప్రయాణ భత్యము ఇయ్యవలెననియు 1979 నాటి శాసనము విధించెను. 2020లో చేసిన కార్మిక స్మృతియు ప్రయాణ భత్యమును నిలిపియుంచెను. ఈ నియమములు మిల్లు గడప దాటి లోనికి పోవలెను.

కావున భూస్వాములకు, మిల్లు యజమానులకు నా మనవి: వచ్చిన కూలివానికి ఊరివానితో సమానముగ కూలి ఇండు, లెక్క వ్రాయుడు, వాని ఆధారు కార్డును మీ సొరుగున దాచకుడు. సమాన కూలి యున్నచోట పరాయివాని వలన స్థానికుని కూలి తగ్గదు. బిడ్డలను పంపు తల్లిదండ్రులకు నా మనవి: దళారిని లైసెన్సు సంఖ్య అడుగుడు, రసీదు లేక రూపాయి ఇయ్యకుడు. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాకు వర్తకుల వ్యాజ్యెమునకై పోయి, ఒప్పంద కూలీల వకీలై, వారిపై విధించిన మూడు పౌనుల పన్ను 1914లో రద్దగువరకు పోరాడెను. ఆ మహనీయుని జాతి యని చెప్పుకొను మనము, కఫీలు పెట్టెలో మనవాని పాస్‌పోర్టు ఉన్నదని వగచుచు, మన పెట్టెలో మఱొకని కార్డు దాచుట ఏ దేశభక్తి?