చాంబర్‌లో తూటా ఉండాలా, వద్దా?

"ఖాళీగా ఉంటే నాకు భయం, నిండి ఉంటే మీ పిన్నికి భయం. నువ్వేమంటావురా?"

మొన్న వీడియో కాల్‌లో మా బాబాయ్ అడిగిన ప్రశ్న ఇది. బాబాయ్ టెక్సాస్‌లో చిన్న షాపు నడుపుతాడు. రాత్రి పదకొండు దాకా కౌంటర్‌లో ఒక్కడే ఉంటాడు. ఈమధ్య ఒక పిస్టల్ కొన్నాడు. అక్కడ 2021 సెప్టెంబర్ నుంచి, 21 ఏళ్లు నిండి, చట్టపరంగా ఏ అడ్డూ లేనివాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకుని తిరగొచ్చు. లైసెన్సు అక్కర్లేదంటే దానికోసం చేసే ట్రైనింగ్ కూడా అక్కర్లేదన్నమాట. నన్ను భయపెట్టింది అదే.

మనలో చాలామందికి తుపాకీ అంటే పబ్జీలో చూసిందే కాబట్టి కొంచెం వివరం చెప్తాను. పిస్టల్ పిడిలో ఉండే మ్యాగజైన్‌లో తూటాలుంటాయి. కానీ ట్రిగ్గర్ నొక్కితే పేలేది అందులోది కాదు, బ్యారెల్ వెనక ఉండే చాంబర్‌లోది. చాంబర్ ఖాళీగా ఉంటే ముందు పైనున్న స్లైడ్‌ని గట్టిగా వెనక్కి లాగి వదలాలి. అప్పుడే తూటా పైకెక్కుతుంది. బాబాయ్ ప్రశ్నల్లా ఏంటంటే, ఆ పని ముందే చేసి పెట్టుకోవాలా, లేక ప్రమాదం వచ్చినప్పుడు చేసుకోవాలా?

ముందే చేసుకోవాలి అనేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. 1983లో సాల్ట్ లేక్ సిటీ పోలీసు డెనిస్ టుల్లర్ ఒక లెక్క చెప్పాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడని. ఆ టైములో పిస్టల్ తీయడమే కష్టం, ఇంక స్లైడ్ ఎప్పుడు లాగుతాం? పైగా దానికి రెండు చేతులు కావాలి. ఒక చేత్తో వాణ్ణి ఆపుతుంటే రెండో చెయ్యి ఎక్కడ్నుంచి వస్తుంది? గ్లాక్ లాంటి పిస్టళ్లలో లోపలే మూడు సేఫ్టీలుంటాయి, ట్రిగ్గర్ నొక్కకుండా పేలకూడదనే వాటిని అలా తయారుచేశారు. అందుకే అమెరికాలో చాలామంది ట్రైనర్లు చాంబర్ నింపే ఉంచుకోమంటారు.

కానీ అసలు సమస్య ఆ ట్రిగ్గరే. 2008లో ప్లాక్సికో బరెస్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు పిస్టల్‌ని హోల్‌స్టర్ లేకుండా నడుము దగ్గర దోపుకుని న్యూయార్క్‌లో ఒక క్లబ్‌కి వెళ్లాడు. అది జారింది, పేలింది, తన తొడకే తూటా తగిలింది. ఆ తుపాకీకి అక్కడ లైసెన్సు లేదు కాబట్టి జైలుకి కూడా వెళ్లాడు.

2014 డిసెంబర్‌లో ఐడహోలో జరిగింది ఇంకా ఘోరం. ఒక సూపర్‌మార్కెట్‌లో రెండేళ్ల పిల్లాడు అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీశాడు. అది పేలి ఆమె అక్కడికక్కడే చనిపోయింది. రెండేళ్ల చేతులకి స్లైడ్ లాగే బలం ఉండదు. ట్రిగ్గర్ నొక్కే బలం మాత్రం ఉంటుంది. చాంబర్ ఖాళీగా ఉండుంటే ఆ తల్లి బతికేదనే నాకనిపిస్తుంది.

మనం ఇంజినీరింగ్ వాళ్లం కదా, ఒక చిన్న లెక్క వేద్దాం. బాబాయ్ పిస్టల్‌ని పొద్దున పెట్టుకుంటాడు, రాత్రి తీస్తాడు. రోజుకి రెండుసార్లు, ఏడాదికి 730 సార్లు. అందులో నిద్రమత్తులో ఒకసారి, అలసిపోయి ఒకసారి చొక్కా అంచు ట్రిగ్గర్‌కి చిక్కుకోవచ్చు. కత్తితో మీదకొచ్చేవాడు మాత్రం జీవితంలో ఒక్కసారి రావచ్చు, అసలు రాకపోవచ్చు. ఒకవేళ వచ్చేవాడు ముందే తుపాకీ గురిపెట్టి నిలబడితే, చాంబర్ నిండి ఉన్నా గల్లాపెట్టె తెరిచి ఇచ్చెయ్యడమే మంచిది.

అందుకే నా సమాధానం: ఇప్పటికి ఖాళీగానే ఉంచు బాబాయ్. ట్రిగ్గర్‌ని పూర్తిగా మూసే గట్టి హోల్‌స్టర్ కొని, డబ్బు కట్టి ట్రైనింగ్ తీసుకుని, నెలనెలా ప్రాక్టీస్ చేశాక కావాలంటే మళ్లీ ఆలోచిద్దాం. పోలీసులకి అలవాటైన పద్ధతి, నిన్నగాక మొన్న కొన్నవాడికి సరిపోదు.

అలాగని ఖాళీ చాంబర్‌ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. "ఖాళీయే కదా" అనుకున్న రోజే ప్రమాదం. మ్యాగజైన్ తీసేసినా చాంబర్‌లో ఒకటి మిగిలిపోయి ఉండొచ్చు. కాబట్టి ఒంటి మీద నుంచి తీసిన నిమిషమే పిస్టల్ లాకర్‌లోకి వెళ్లాలి, చాంబర్ ఎలా ఉన్నా సరే.

ఇదంతా చెప్తే బాబాయ్ నవ్వాడు. "నువ్వు హాస్టల్‌లో కూర్చుని చెప్తావురా, రాత్రిపూట కౌంటర్‌లో నిలబడేది నేను కదా" అన్నాడు. నిజమే, ఆయన భయం నాకు లేదు. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఒక్కటి అడిగాను: "ఇందాక కాల్ కలిపింది ఎవరు బాబాయ్?"

నాలుగేళ్ల మా చెల్లి. బాబాయ్ ఫోన్ లాక్ తనే తీసి, నా ఫొటో మీద నొక్కింది. పాస్‌వర్డ్ ఎవరూ నేర్పలేదట, చూసి నేర్చుకుందట.

బాబాయ్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. చాంబర్ సంగతి ఇంకా తేల్చలేదు గానీ, లాకర్ మాత్రం ఆ రాత్రే ఆర్డర్ పెట్టాడని పిన్ని మెసేజ్ చేసింది.