మొదటి వారం... సిలబస్ చదివారా?

అమెరికాలో ఎంఎస్‌కు వెళ్తున్నారా? మొదటి వారం క్లాసులు పరిచయాలతో గడిచిపోతాయని మన కాలేజీల లెక్కన అనుకోకండి. చాలా యూనివర్సిటీల్లో కోర్సులు మార్చుకునే ‘యాడ్-డ్రాప్’ గడువు మొదటి ఒకటి రెండు వారాలే. ప్రొఫెసర్ ఇచ్చే సిలబస్‌లో హోంవర్క్, ప్రాజెక్టు, పరీక్షలకు ఎంతెంత వెయిటేజీయో ఉంటుంది. చదివి, భారమనిపిస్తే అప్పుడే మార్చుకోవాలి. తర్వాత డ్రాప్ చేస్తే చిక్కే. పీజీలో సాధారణంగా సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు ఉండాలి. ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి లేకుండా తగ్గితే ఎఫ్-1 హోదాకే ముప్పు. ఆన్‌లైన్ తేలికని రెండు మూడు తీసుకున్నా, ఆ లెక్కలోకి వచ్చేది ఒక్కటే.

మనవాళ్లు చాలామంది ఆ వారమే పార్ట్‌టైమ్ వేటలో పడతారు. అప్పు చేసి వెళ్లారు కదా, ఆత్రం సహజమే. కానీ క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే అనుమతి. బయట గ్యాస్ స్టేషన్లో అనుమతి లేకుండా పనిచేస్తే హోదా పోయినట్టే.

ఇప్పుడు దాని ఖరీదు ఇంకా పెరిగింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడే ఉండి ఎఫ్-1 నుంచి మారేవారికి అది వర్తించదని అక్టోబరులో స్పష్టత ఇచ్చారు. అయితే హోదా సక్రమంగా ఉంటేనే ఆ మినహాయింపు. లేకపోతే ఆ లక్ష కంపెనీ కట్టాలి. ఫ్రెషర్ కోసం ఎన్ని కంపెనీలు కడతాయి?